విప్పిన కట్టు

"కట్టు ఏడవెట్టినవ్ అత్తా?"

రాజవ్వ అప్పటికే ఇల్లంతా వెతికి వచ్చి అడిగింది. కొమురవ్వ పొయ్యి ముందు కూర్చుని, వినపడనట్టు కట్టెలు ఎగదోసుకుంటోంది. ఆమెకేమీ చెవుడు లేదు. పక్కింట్లో మొగుడూ పెళ్లాలు గొణుక్కున్నా ఏ మాట ముందో, ఏ మాట వెనకో చెప్పగల మనిషి.

లోపల మంచం మీద దశరథం ఎడమకాలు తొడదాకా వాచిపోయి ఉంది. నిన్న పొద్దుగూకే వేళకు చీలమండ దగ్గర కాస్త ఉబ్బినట్టు కనిపించిందంతే. తెల్లవారేసరికి మోకాలు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. చర్మం నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే పడ్డ గుంట అట్లాగే ఉండిపోతోంది.

ఆ కాలికి హైదరాబాదులో ఆపరేషన్ అయి నెల తిరగలేదు. ఏళ్ల తరబడి మానని పుండుతో కల్లు గీతకు తాటిచెట్లు ఎక్కీ దిగీ విసిగిపోయిన మనిషికి, పెద్ద డాక్టరు చంకలోంచి రక్తనాళం ముక్క తీసి తొడలో కుట్టాడు. రక్తం కిందికి జారకుండా ఆపే రెక్క ఒకటి ఆ ముక్కలో ఉందట. కట్టు విప్పొద్దు, కాలు వేలాడెయ్యొద్దు అని మరీ మరీ చెప్పి పంపాడు. ఆ చెయ్యొద్దన్న రెండు పనులూ వాళ్లు ఊరు చేరకముందే జరిగిపోయాయి.

"అత్తా, నిన్నే అడుగుతున్న. మల్ల కట్టాలె. కాలు జూసినవా?"

"కాలవెట్టిన."

"ఏంది?"

"కట్టు కాలవెట్టిన. దూది కాలవెట్టిన. సంచిల ఉన్న దవాఖాన కాయిదాలు గూడ పొయ్యిలేసిన." కొమురవ్వ ఇప్పుడు మొహం తిప్పింది. "గట్ల జూడకు. వెంకటవ్వ కొడుకును పోలీసోళ్లు ఎందుకు పట్కపోయిండ్రు? దూలం సందుల రక్తం గుడ్డ దొరికిందనే గదా. అది గొర్రెపిల్లకు కట్టిన గుడ్డ అని ముసల్ది కాళ్లు మొక్కింది. ఎవలన్న విన్నరా?"

"ఆయన కాలు పోతది అత్తా. నీ కొడుకు కాలే అది."

"కాలు పోయినా కొడుకుంటడనుకున్న."

రాజవ్వకు ఒళ్లు మండిపోయింది. ముసలిదాన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. "ఎంత పని జేసినవే అత్తా. నీ కండ్ల ముందట..."

"ఆగు పిల్లా." కొమురవ్వ గొంతు పెరగలేదు. "కట్టు కాలికుంటే నేనెట్ల కాలవెడుదు? సంచిల దోపుకొచ్చింది ఎవలు?"

రాజవ్వ చేతిలోని ఖాళీ సంచిని మడిచి మూల పెట్టింది.

హైదరాబాదు నుంచి వస్తూ, సిరిసిల్లలో బట్టనేసే సాంచాలు నడిపే తన అన్న గంగారాం ఇంట్లో ఆ రాత్రి ఆగకపోయినా బాగుండేది. పొద్దున్నే చాయ్ గిలాస పట్టుకుని గంగారామే ఆ మాట మోసుకొచ్చాడు. వేములవాడ దిక్కు ఎన్‌కౌంటర్ అయిందనీ, ఒకడు కాలికి తూటా తగిలి తప్పించుకున్నాడనీ, కాలికి గుడ్డ కట్టుకుని కనిపించినవాడినల్లా పోలీసులు బస్సులోంచి దించేస్తున్నారనీ చెప్పాడు. ఆ మాట పూర్తికాకముందే రాజవ్వ వేళ్లు కట్టు పిన్ను మీదికి పోయాయి. అన్న ప్యాంటు ఒకటి తొడిగించి, కుంటకుండా నడవమని బతిమాలి, కిక్కిరిసిన బస్సులో మొగుణ్ని నిలబెట్టి ఊరికి తెచ్చింది. దారిలో బస్సును ఎవరూ ఆపలేదు. అదే ఆమెను ఇప్పటికీ తొలుస్తోంది.

ఊరొచ్చాకైనా కట్టలేదు. ఇవ్వాళ కడదాం, రేపు కడదాం అనుకుంది. వాడలో కొత్త మొహం కనిపించినప్పుడల్లా రేపటికే వాయిదా వేసింది.

"ఇద్దరు నోళ్లు మూసుకుంటరా," లోపలి నుంచి దశరథం అన్నాడు. "ఛాతిల గూడ బరువు బరువున్నది. బుచ్చయ్యను ట్రాక్టరు కట్టమనుండ్రి."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచారు.

*

కోరుట్లలో హనుమంత రావు డాక్టరు దవాఖాన ముందు ట్రాక్టరు ఆగేసరికి ఎండ నెత్తికెక్కింది. దశరథాన్ని గడ్డి మీద పడుకోబెట్టి, కాలు కింద వడ్ల సంచి పెట్టి తెచ్చారు. నలుగురు పట్టి లోపలికి మోశారు.

వరండా బెంచీ మీద ఒకడు పేపరు చదువుతున్నాడు. ఆ బెంచీ మీద రోజూ ఒకడు ఉంటాడు. రోగమేమిటో ఎవరికీ చెప్పడు, మందు ఎన్నడూ కొనడు. ఏ ఠాణా నుంచి వచ్చాడో కోరుట్లలో పాలుపోసేవాళ్లకు కూడా తెలుసు.

హనుమంత రావుది కొడిమ్యాల పక్క దొరల కుటుంబం. నక్సలైట్లు వచ్చాక ఊళ్లో భూములు బీడుపడ్డాయి, గడీకి తాళం పడింది. ఆయన మాత్రం కోరుట్లలో డాక్టరుగా నిలదొక్కుకుని, కింద దవాఖాన, పైన కాపురం పెట్టుకున్నాడు. దశరథాన్ని హైదరాబాదులో తన వెంట చదువుకున్న పెద్ద డాక్టరు దగ్గరికి పంపింది ఆయనే.

"బాంచెన్ దొరా, మా పిలగాణ్ని..." అని కొమురవ్వ వంగబోయింది.

"దొర అనకు అవ్వా. డాక్టరును." ఆయన కాలు మీది నుంచి చూపు తిప్పలేదు. కింది నుంచి పైకి తడుముతూ వచ్చాడు. గజ్జల దగ్గర చెయ్యి ఆగింది. "కట్టేది?"

కొమురవ్వ కొంగు సర్దుకుంది.

"రాజవ్వా, కట్టు ఎప్పుడు ఇప్పిండ్రు?"

రాజవ్వ తలుపు సందులోంచి చూసింది. బెంచీ మీదివాడు పేపరు తిప్పలేదు. ఇందాక చూసినప్పుడు ఏ పేజీ ఉందో, ఇప్పుడూ అదే ఉంది.

"ఊడిపోయింది సారు. నిద్రల."

"నిద్రల ఊడే కట్టు గాదది." ఆయన చేతులు కడుక్కుంటూ గొంతు తగ్గించాడు. "నేను తిట్టుటానికి అడుగుతలేను. విను. లోపట రెక్క మీద రక్తం గడ్డకట్టినట్టున్నది. నిన్ననో మొన్ననో కట్టిన గడ్డయితే, ఇవ్వాళ పొద్దుమూకేలోపు కత్తివెట్టి తీస్తే రెక్క దక్కుతది. వారం కిందిదైతే గడ్డ గట్టివడ్డట్టు. దాన్ని గెలికితే కదిలి ఊపిరితిత్తులకు పోతది. గప్పుడు కాలు సంగతి గాదు, మనిషి సంగతి. కట్టు ఊడిన దినం తెలిస్తే గడ్డ ఎన్నటిదో లెక్క దొరుకుతది. ఎప్పుడు ఊడింది?"

రాజవ్వ గొంతులో మాట సిద్ధంగా ఉంది. పోయిన సోమవారం, సిరిసిల్లలో, పొద్దున. ఇంతే చెప్పాలి. చెబితే ఎందుకు విప్పినవని అడుగుతాడు. ఎందుకో చెబితే ఆ బెంచీ మీదివాడు వింటాడు.

"నిన్న," అంది.

మంచం మీద దశరథం కళ్లు మూసుకున్నాడు. కొమురవ్వ కోడలి వైపు ఒక చూపు చూసి, గోడకు వేలాడే క్యాలెండరు వైపు తిరిగింది.

డాక్టరు హైదరాబాదుకు ట్రంకాల్ పెట్టాడు. లైను కలిసేలోపు కొత్త పట్టీలు తెచ్చి, కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి తొడదాకా బిగించి చుట్టి, చివర పిన్ను గుచ్చాడు. ఫోను మోగింది. నిన్ననే, నిన్ననే అని ఆయన రెండు మూడుసార్లు అనడం రాజవ్వకు వినిపించింది. ప్రతిసారీ ఆమె ఫోను దిక్కు ఒక అడుగు వేసి ఆగింది.

"థియేటర్ తయారువెట్టి ఉంచుతడట. ఇప్పుడు సిరిసిల్ల మీదుగ పోయే బస్సున్నది, ఎక్కుండ్రి. నా కారే ఉంటే పంపుదును." పోయిన ఏడు ఆయన కారును అన్నలు, అదే నక్సలైట్లు, తగలబెట్టారు. ఆ సంగతి ఆయన అనలేదు, వీళ్లు అడగలేదు. "చీటీ రాసిస్తున్న. కాలు కిందికి వేలాడొద్దు. గీ కట్టు పెద్ద డాక్టరు చేతుల తప్ప ఇంకెవరి చేతులనూ ఊడొద్దు. బిగువు పోయిందంటే గడ్డ కదులుతది. యాదిల ఉంటదా?"

"ఉంటది సారు," అంది రాజవ్వ. ఈసారి అబద్ధం కాదు.

*

ముగ్గురు కూర్చునే సీటులో కిటికీకి వీపు ఆనించి దశరథాన్ని కూర్చోబెట్టారు. కాలు రాజవ్వ ఒళ్లో పెట్టారు. పాదం అవతల కొమురవ్వ ఒళ్లోకి వచ్చింది. ముసలామె మొదట మొహమాటపడి, తర్వాత ఆ పాదాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. బస్సు కథలాపూర్ దాటింది.

"నిన్న అని ఎందుకన్నవ్?" అన్నాడు దశరథం.

"బెంచి మీద వాడుండె."

"వాడుంటే? నిన్నటిదే అనుకుని కోస్తరు. లోపట వారం గడ్డ ఉంటది."

"హైదరాబాదు పోంగనే పెద్ద డాక్టరుకు నిజం జెప్త. కొయ్యకముందే జెప్త. నా పుస్తెల మీద ఒట్టు."

"నేను ఇప్పొద్దన్నగదనే గారోజు."

"నువ్వు నోటితోనన్నవు. కాలు సాపింది గూడ నువ్వే."

దశరథం అవతలి వరస కిటికీలోంచి బయటికి చూశాడు. పొలాల్లో ఎవరో మోటరు పైపు బయటికి లాగి పెట్టుకుని విప్పుతున్నారు.

"ఫుట్‌వాలు అరిగినట్టున్నది వాళ్లది," అన్నాడు. "ఎంత గుంజినా నీళ్లు మల్ల బాయిలకే జారుతయ్. పెద్ద డాక్టరు నాకు గదే జెప్పిండు. నీ కాలుల ఫుట్‌వాలు పోయింది, రక్తం కిందనే నిలవడి పుండైతున్నది, చెయ్యిలది తీసి పెడ్త అని. తియ్యుమన్న. చెయ్యి పట్టుదప్పినా సరే, కాలు దక్కుతే మల్ల తాటిచెట్లు ఎక్కుదుననుకున్న. ఇప్పుడు చెయ్యీ పాయె."

"ఎక్కకుంటే ఏమైతది? మా అన్నతోని సాంచెల పని..."

"సాంచె కాడ దినమంత నిలవడాలె. నిలవడుటానికన్న కాలు ఉండాలె గదనే."

ఆ మాటకు రాజవ్వకు ఏడుపు పొంగుకొచ్చింది. ఏడిస్తే ఒడి కదులుతుంది, ఒడి కదిలితే కాలు కదులుతుంది. పళ్లు బిగబట్టి ఊరుకుంది. కొమురవ్వ కొంగుతో కోడలి మొహం తుడిచింది. తుడిచిన తీరు మొరటుగానే ఉంది కానీ, ఇద్దరి మధ్యా పొద్దుటి నుంచి జరిగిన మంచిపని అదొక్కటే.

వేములవాడ దాటి కొంత దూరం పోయాక బస్సు ఆగింది. ఎవరో ఎక్కుతున్నారనుకున్నారు. ఇంజను కూడా ఆగిపోయింది.

ముందు తలుపు నుంచి ఎస్సై ఎక్కాడు, వెనకాల ఇద్దరు తుపాకులవాళ్లు. అప్పటిదాకా కోరుట్ల అంగడి ధరల గురించి వాదులాడుకుంటున్న బస్సు నోరుమూసుకుంది. ఎస్సై ఒక్కొక్క సీటు చూసుకుంటూ వచ్చి, తెల్లటి కట్టు దగ్గర నిలబడ్డాడు.

"ఏమైంది కాలుకు?"

"ఆపరేషన్ సారు," అంది రాజవ్వ. కొంగుముడి విప్పి చీటీ ఇచ్చింది. "హైదరాబాదుల అయింది. మల్ల వాచింది. ఇవ్వాళనే కొయ్యాలన్నరు."

ఎస్సై చీటీ చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గిసొంటి చీటీలు మస్తు జూసిన. అన్నలు వచ్చి నిలవడితే ఏ డాక్టరైనా రాస్తడు. ఆపరేషన్ చేసిన దవాఖాన కాయిదాలేవి?"

రాజవ్వ తల దించుకుంది.

"లేవా? సరే, కట్టు ఇప్పు. తూటాదో కత్తిదో నేను జూస్త."

"ఇప్పొద్దన్నడు సారు డాక్టరు. బిగువు పోతే గడ్డ కదుల్తది, పానం పోతది."

"నేను ఇప్పుమంటున్న."

వెంకటవ్వ కొడుకు ఠాణా నుంచి ఎట్లా తిరిగొచ్చాడో దశరథం చూశాడు. పట్టుదప్పిన ఎడమచెయ్యి ఎత్తి చంకలో మచ్చ చూపించాడు. "ఇగో సారు, గిక్కడికెళ్లి తీసి తొడల వెట్టిండ్రు." మచ్చను చూసిన ఎస్సై కనుబొమలు ముడిపడ్డాయి. "చంకల గూడ తూటానా?" అన్నాడు. దాంతో దశరథానికి ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది. కుడిచెయ్యి తనంతట తనే కట్టు చివరనున్న పిన్ను మీదికి పోయింది.

రాజవ్వ ఆ చేతిని గట్టిగా పట్టేసింది.

"తియ్యకు."

"ఇడువే. సూపిస్తే అయిపోతది."

"తియ్యకంటున్న."

ఎస్సై ఇప్పుడు మొగుణ్ని వదిలి పెళ్లాన్ని చూశాడు. "ఆయన ఇప్పుతనంటుంటే నువ్వెందుకు ఆపుతున్నవ్? ఏం దాస్తున్నవ్?"

డాక్టరు ముందు మింగిన మాట ఆమె నోట్లోంచి బయటపడింది. బస్సంతా వింటోందని తెలిసీ ఆగలేదు.

"దాసింది పోయినసారి సారు. పోయిన సోమవారం సిరిసిల్లల నేనే ఇప్పిన కట్టు. మీరు బస్సులు ఆపుతున్నరంటే మీకు భయపడి ఇప్పిన. నడిపించిన, నిలవెట్టిన. దానికే కాలు గిట్లయింది. నా చేతులతోనే జేసుకున్న. ఇంకోసారి జెయ్య."

"తప్పు జెయ్యనోళ్లకు మేమంటే భయమెందుకు?"

ఇందాక సీటు సర్దుకుని జాగా ఇచ్చినవాళ్లు ఇప్పుడు కిటికీల్లోంచి చెట్లను చూస్తున్నారు.

"భయం నాకు గూడ ఉండె అయ్యా," అని కొమురవ్వ అందుకుంది. కోడల్ని ఆదుకుందామనే అంది పాపం. "దవాఖాన కాయిదాలు గిట్ల నేనే కాలవెట్టిన. కోడలుకు దెల్వది."

ఎస్సై నవ్వాడు. "కాయిదాలు గూడ కాలవెట్టిండ్రా. మంచిగున్నది. దిగు ఇగ."

"డాక్టరు ముందట ఇప్పుండ్రి సారు," అంది రాజవ్వ. "సిరిసిల్ల సర్కారు దవాఖాన దగ్గర్నే ఉన్నది. ఆడ డాక్టరు చేతులతోని ఇప్పియ్యుండ్రి. నేనేమన."

ఎస్సై కింద ఆగి ఉన్న జీపు వైపు ఒకసారి చూశాడు. "సరే. గట్లనే పోదాం. ఇతన్ని జీపుల ఎక్కియ్యుండ్రి. ఆడోళ్లు బస్సుల పోండ్రి."

తుపాకులవాళ్లు దశరథం భుజాల కింద చేతులు వేశారు. రాజవ్వ కాలు వదల్లేదు. సీట్ల మధ్య నుంచి వాళ్లతో పాటే అడుగులు వేసుకుంటూ, కాలిని తన నడుము ఎత్తున పట్టుకుని మెట్లు దిగింది.

"నీకు జెప్పింది అర్థం గాలేదా?" అన్నాడు ఎస్సై.

"కాలు కిందవెట్టొద్దన్నడు సారు డాక్టరు. ఎవలో ఒకలు పట్టుకోవాలె. మీ కానిస్టేబులు పట్టుకుంటనంటే ఇడుస్త."

కానిస్టేబుళ్లు ఇద్దరూ ఎస్సై మొహం చూశారు. ఎస్సై విసుగ్గా చెయ్యి ఊపాడు. ఎక్కమన్నట్టే ఉంది.

"అత్తా, అన్న దగ్గరికి పో," అని రాజవ్వ కేకేసింది. "సిరిసిల్ల దవాఖానకు రమ్మను. ఉరికి రమ్మను."

బస్సు కదిలింది. కిటికీలో కొమురవ్వ మొహం దూరమైపోతూ కనిపించింది. ముసలామె చేతులు ఇంకా ఒళ్లో పాదం ఉన్నట్టే పెట్టుకుని ఉంది.

జీపు వెనక భాగంలో దశరథాన్ని ఒక వారగా పడుకోబెట్టారు. రాజవ్వ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని కాలు ఒళ్లోకి తీసుకుంది. ఎస్సై ముందు కూర్చుని వైర్‌లెస్ సెట్టులో ఏదో మాట్లాడాడు. గరగరల మధ్య ఆమెకు ఒక్క ముక్కా అందలేదు.

"మంచి పనే జేసినవ్," అన్నాడు దశరథం మెల్లగా. అతను ఆమెను మెచ్చుకుని ఎన్నాళ్లయిందో. "నేనైతే ఇప్పుదును."

"పండుకో. మాట్లాడకు. దవాఖాన అచ్చె."

బస్సు లేపిన దుమ్ము ఇంకా దారి మీద తేలుతోంది. ముందు రెండు దారులు చీలుతున్నాయి. తారు రోడ్డు తిన్నగా సిరిసిల్లకు పోతుంది. ఇంకోటి మట్టిబాట, గుట్టల దిక్కు పోతుంది. అటు ఊళ్లు కూడా లేవు, ఎన్‌కౌంటర్లు అయ్యేది ఆ గుట్టల్లోనే. చిన్నప్పటి నుంచి ఆ దారిన తిరిగిన మనిషి కాబట్టి రాజవ్వకు ఆ చీలిక బాగా తెలుసు.

డ్రైవరు చక్రం తిప్పాడు. జీపు మట్టిబాట మీదికి దిగింది.

"సారు, సిరిసిల్ల గటు గదా," అంది రాజవ్వ.

ఎస్సై వెనక్కి తిరగలేదు. డ్రైవరు కూడా తిరగలేదు. గుంతల్లో జీపు ఎగిరెగిరి పడుతోంది. రాజవ్వ కాలిని ఇంకొంచెం పైకెత్తి గుండెకు ఆనించుకుని, పిన్ను ఊడకుండా దాని మీద చెయ్యి పెట్టుకుంది.